బీజదోషము – మానవప్రయత్నము

వివాహసంబంధములను విచారించునపుడు కులగోత్రములతోపాటు వంశమున నున్న వ్యాధులనుగూర్చియు పెద్దలు ప్రశ్నించుట లోకమున నున్నదే. “తండ్రికి మధుమేహమట, పిల్లకును రాక మానదు” అను మాటచే కొన్ని సంబంధములు తప్పిపోవుచుండును. రోగిని జూచి “వాని కర్మము” అని తొలగిపోవువారును కలరు. పుట్టుకతో వచ్చినది తప్పదా? తప్పనిచో మానవప్రయత్న మేల? ఇది విచారింపదగిన ధర్మసందేహము.

మధుమేహికి జన్మించినవాని ప్రమేహము బీజదోషమువలన కలిగిన దగుటచే అసాధ్యమని చరకసంహితయందు చెప్పబడినది. ఈ బీజవిచారమునే నేటి శాస్త్రజ్ఞులు వేఱొక మార్గమున సాగించుచున్నారు. మానవుని జన్యులిపి సుమారు 300 కోట్ల అక్షరములు గలది. వేలకొలది రోగుల లిపిని ఇతరుల లిపితో సరిపోల్చి, ఏ అక్షరభేదము రోగులయం దెక్కువగా కానవచ్చునో గణించుట వీరి పద్ధతి. 2007లో బ్రిటన్ దేశమున ఏడు వ్యాధులకు సంబంధించిన 14,000 మంది రోగులను, 3,000 మంది ఇతరులను ఇట్లు పరిశీలించిరి. 2022లో ప్రకటితమైన పరిశోధనయందు సుమారు 54 లక్షల మందిని పరిశీలింపగా, మనుష్యుని ఎత్తుతో సంబంధము గల భేదములే 12,000కు పైగా తేలినవి. ఒక్కొక్కదాని ప్రభావము మిక్కిలి స్వల్పము. ఒకే జన్యుదోషమున కలుగు అరుదైన వ్యాధుల మాట వేఱు. సామాన్యవ్యాధుల విషయమున ఈ భేదములు సంభావ్యతను దెలుపునే గాని విధింపవు.

మధుమేహమునకు చేరువలో నున్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన పరీక్షాఫలితములు 2002లో వెలువడినవి. మితాహారమును, వారమునకు 150 నిమిషముల వ్యాయామమును అలవఱచుకొన్న వర్గమున రోగము సోకుట 58 శాతము తగ్గెను. వారిలో టి.సి.ఎఫ్.7ఎల్2 అను జన్యువునందలి భేదమును తల్లిదండ్రు లిరువురినుండియు పొందినవారిని గూర్చిన వివరములు 2006లో ప్రకటితములైనవి. ఆహారవిహారములను దిద్దుకొననివారియందు ఆ భేదము రోగమును ప్రబలింపజేసెను. దిద్దుకొన్నవారియందు దాని ప్రభావము చాలవఱకు అణగెను. బీజ మదియే యైనను ఫలము భిన్నమైనది.

గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతికర్మకును ఐదు హేతువులు చెప్పబడినవి. అవి శరీరము, కర్త, కరణములు, వివిధచేష్టలు, దైవము. దైవమనగా అంతర్యామియగు పరమాత్మ యని భగవద్రామానుజుల భాష్యము. బీజము శరీరమను మొదటి హేతువునకు చేరినది. తక్కిన నాలుగింటిని విడిచి దాని నొక్కదానినే విధి యనుట శాస్త్రసమ్మతము గాదు. జీవుని ప్రయత్నము నపేక్షించియే పరమాత్మ అనుమతి నొసగునని శ్రీభాష్య సిద్ధాంతము.

అట్లైనచో రోగి ప్రయత్నింపనివాడే యని నిందింపవచ్చునా? కూడదు. 58 శాతము తగ్గిన దనగా, ప్రయత్నించియు రోగమునకు గుఱియైనవారు కలరనియే యర్థము. యామునాచార్యుల రాచపుండును శిష్యుడగు మారనేరినంబి ఆచార్యప్రసాదముగా స్వీకరించెనని సంప్రదాయము. ఆయన పుట్టుకను జూచి లోకులు వెనుకాడగా, పెరియనంబి స్వయముగా చరమసంస్కారము లొనర్చి, శ్రీరాముడు జటాయువునకు చేసినదానిని నిదర్శనముగా చూపెను. అట్టి భాగవతుని వ్యాధిని పాపచిహ్న మని ఏ శ్రీవైష్ణవు డనగలడు?

కావున వంశమున వ్యాధి యున్న గృహస్థుడు భయపడి చేతులు ముడువక, మితాహారమును, నడకను, సకాలమున వైద్యపరీక్షను భగవంతు డొసగిన శరీరమునకు చేయు కైంకర్యముగా భావింపవలెను. మధుమేహి ప్రసాదమును కణమాత్రము స్వీకరించినను భక్తికి లోపము లేదు. సంబంధము విచారించువారు వంశవ్యాధిని తెలిసికొనుట తప్పుగాదు. దానిని కన్యకు కళంకముగా అంటగట్టుట అపచారము. రోగము రాకముందు ప్రయత్నము, వచ్చినపిదప సేవ, రెండింటియందును శ్రియఃపతి శరణాగతి – ఇదియే శ్రీవైష్ణవగృహమునకు తగిన నడవడి.