బాధయు ప్రమాణమును

మనుష్యునకు నొప్పి కలిగినప్పుడు దానిని సహింపవలయునా, నివారింపవలయునా యను ప్రశ్న మతములంత ప్రాచీనమైనది. సహించుటయే తపస్సని కొందఱును, పూర్వకర్మఫలమును అనుభవించియే తీఱవలయును గాని ఔషధముచేత తప్పించుకొనరాదని మఱికొందఱును, ధర్మమాచరించుటకు దేహమే మొదటి పరికరము గనుక దానిని కాపాడుకొనుట విధియని వేఱుకొందఱును చెప్పుచు వచ్చిరి. వైద్యుని చీటీ యడుగకయే మందుల దుకాణములో చేతికిచ్చు జ్వరము బిళ్ళ, అనగా పారాసిటమాల్, క్రోసిన్ అనియు డోలో అనియు కాల్పాల్ అనియు పలు పేళ్లతో ప్రతి యింటి అలమరలోను చేరిన నాటినుండి ఆ ప్రశ్నకు కాలము చెల్లినదని పెక్కుమంది తలంచుచున్నారు. నొప్పి యున్నది, బిళ్ళ యున్నది, ఇక విచారమేల యని వారి భావము. నాకట్లు తోచదు. సహింపవలయునా వలదా యను పాత ప్రశ్న నిజముగా సులభముగనే తీఱును. దాని వెనుక మఱియొక ప్రశ్న కలదు. ఎంత వేసికొనవలయునో నిర్ణయించుటకు ప్రమాణమేది? బాధపడువాని అనుభవమా, పరుల వాక్యమా? ఈ రెండవ ప్రశ్నయందు పొరబడిన యిండ్లలో ప్రాణములు పోవుచున్నవి గనుక దీనిని కొంత నిదానముగా విచారింపవలసి యున్నది.

సహనపక్షమును ముందుగా చూతము. శీతోష్ణములను సుఖదుఃఖములను ఓర్చుకొనుమని గీత రెండవ అధ్యాయమున ఉపదేశింపబడిన మాట నిజమే; కాని అది తప్పింపరాని ద్వంద్వములయెడ చిత్తము చలింపకుండవలయునని చెప్పినదే గాని, చలిలో కంబళి కప్పుకొనుట పాపమని చెప్పినది కాదు. కర్మవాదమును చేపట్టి వైద్యమును వలదనువారికి చరకసంహితయే సమాధానమిచ్చినది: ఆయుర్దాయము దైవమును పురుషకారమును కూడి నిర్ణయించునదని, సర్వమును ముందే నియతమైనచో ఔషధములకే గాక మంత్రములకును హోమములకును గూడ ప్రయోజనముండదని విమానస్థానమున వాదింపబడినది. అరుణాచలమున రమణమహర్షి ఎడమచేతి వ్రణమునకు 1949లో వైద్యులు పలుమాఱులు శస్త్రచికిత్స చేసిరి. దేహము తాను కాదని జీవితమంతయు బోధించిన ఆ మహనీయుడు చికిత్సను కోరలేదు, చేయవచ్చినవారిని వారింపనులేదు. పంటిపోటుతో నిదురలేని వృద్ధుని బాధను తగ్గించు సాధనము చేతనుండగా తగ్గింపకుండుటను తపస్సని నేననజాలను.

ఐతే మన పూర్వులు ఔషధమును ఎన్నడును నిరపాయమైన వస్తువుగా భావింపలేదు. భాగవత దశమస్కంధమున, బాణాసురునితోడి యుద్ధఘట్టమున, మూడు తలలును మూడు కాళ్లును గల మాహేశ్వరజ్వరము విజృంభించి వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు దానిపై వైష్ణవజ్వరమును ప్రయోగించెను. జ్వరమును గెలిచినది జ్వరమే. తీక్ష్ణవిషము సైతము యుక్తితో వాడినచో ఉత్తమౌషధమగునని, యుక్తి తప్పినచో ఔషధమే తీక్ష్ణవిషమగునని చరకసంహిత మొదటి అధ్యాయమునందే హెచ్చరిక కలదు. ఆ యుక్తి యెక్కడనుండి వచ్చును? చౌకగా దొరకు వస్తువునకు యుక్తి యక్కఱలేదను భ్రాంతి మన కాలమునకు ప్రత్యేకమైనది.

తర్కసంగ్రహము రచించిన అన్నంభట్టు తెలుగువాడు. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పి, శబ్దమనగా ఆప్తుని వాక్యమని, ఆప్తుడనగా ఉన్నదున్నట్లు పలుకువాడని ఆయన నిర్వచించెను. ప్రత్యక్షము తప్ప వేఱొక ప్రమాణము నంగీకరింపనివారు చార్వాకులు. అర్ధరాత్రమున తలనొప్పితో లేచి కూర్చున్నవాడు, ఎంతటి శ్రోత్రియుడైనను, ఆ ఘడియలో చార్వాకుడే యగును. తన కణతలలోని పోటు తప్ప మఱేదియు అతనికి ప్రమాణము కాదు. రెండు గంటల క్రిందట వేసికొంటిని, తగ్గలేదు, కనుక ఇంకొకటి వేసికొనవచ్చునని యతడు చేయు తర్కమున హేతువు నొప్పి, సాధ్యము మోతాదు. ఈ యనుమానమునకు వ్యాప్తి లేదు. నొప్పి యెంత గలదో దానినిబట్టి దేహము ఎంత మందును భరింపగలదో తెలియరాదు. ఆ రెంటికిని సంబంధమే లేదు.

ఏల లేదో చెప్పెదను. ఈ మందు మ్రింగిన గంటలోపల పనిచేయ నారంభించి నాలుగు నుండి ఆఱు గంటలవఱకు పనిచేయును. పని తీఱిన మందును సాగనంపు భారము కాలేయముపై పడును. అందధికభాగమును కాలేయము గ్లూకురోనిక్ ఆమ్లముతోను సల్ఫేటుతోను జతపఱచి నిరపాయముగా మూత్రమార్గమున పంపివేయును; నూటికి అయిదు పది పాళ్లు మాత్రము తీక్ష్ణమైన విషపదార్థముగా మాఱును. గ్లూటాథయోన్ అనునది కాలేయమున నిలువయుండి ఆ విషమును పుట్టినది పుట్టినట్లే అణచివేయును. మితముగా వేసికొన్నంతకాలము ఈ యేర్పాటు చక్కగా సాగును. అందుచేతనే ఇది నిజముగా మంచి మందు, దీనికి భయపడి దూరముగా నుండుమని నేను చెప్పుట లేదు. మితము తప్పినప్పుడు నిరపాయమార్గములు నిండిపోవును, విషభాగము హెచ్చును, గ్లూటాథయోన్ తఱిగిపోవును, అణచు దిక్కులేని విషము కాలేయకణములనే పట్టి చంపును. ఇదంతయు లోపల జరుగుచుండగా మనుష్యునకు తెలియునది దాదాపు శూన్యము. మొదటి దినమున కొంత వికారము, ఒకటి రెండు వాంతులు. కొందఱికి అవియును లేవు. పిమ్మట తేఱుకొన్నట్లే యుండును. కన్నులు పచ్చబడి రోగము బయటపడునప్పటికి మూడు నాలుగు దినములు గడచును, అప్పటికి చేయి దాటిపోయి యుండవచ్చును. తల నొచ్చినచో తల చెప్పును, పన్ను నొచ్చినచో పన్ను చెప్పును, కాలేయము చెప్పదు. నోరులేని జీవులను హింసింపరాదని గోవు విషయమున నేర్చిన మనము, మన దేహమునందే యున్న ఈ నోరులేని యవయవము విషయమున ఆ యహింసను తలపోయనైన తలపోయము.

కనుక ఇచట ప్రత్యక్షమును విడిచి ఆప్తవాక్యమును ఆశ్రయింపవలయును. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు ఒకమాఱు 500 నుండి 1000 మిల్లీగ్రాములు, నాలుగు నుండి ఆఱు గంటల యెడముంచి వేసికొనవచ్చును. ఇరువదినాలుగు గంటలలో అన్నియు కలిసి 4000 మిల్లీగ్రాములు దాటరాదు. 650 బిళ్ళలు ఆఱు చేరునప్పటికే 3900 అగును. బక్కపలుచనివారికి, వృద్ధులకు, కాలేయవ్యాధి గలవారికి, నిత్యము మద్యము త్రాగువారికి హద్దు ఇంకను తక్కువ. అది యెంతయో వైద్యుడే చెప్పవలయును.

అన్నియు కలిసి యన్న మాటను నొక్కి చెప్పుచున్నాను. జలుబు బిళ్ళల అట్టను ఒకమాఱు వెనుకకు త్రిప్పి చూడుడు. వెండిరంగు రేకుపై, వెలుతురునకు ఏటవాలుగా పట్టిన గాని చదువరాని చిన్న అక్షరములలో, తుమ్ములు మాన్పు మందు పేరు, ముక్కుదిబ్బడ తీర్చు మందు పేరు, వాని సరసనే పారాసిటమాల్ అని యుండును. ఒంటినొప్పులకని వ్రాసిచ్చు బిళ్ళలలో ఎసిక్లోఫెనాక్ ప్రక్కన తఱచుగా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉండనే యుండును. ముప్పొద్దుల జలుబు బిళ్ళయు, ముప్పొద్దుల ఒంటినొప్పుల బిళ్ళయు, నడుమ ఒళ్లు వెచ్చబడినప్పుడెల్ల జ్వరము బిళ్ళయు వేసికొనువాడు తాను మూడు మందులు వాడుచున్నానని నమ్మును. నామరూపములు వేఱైనను వస్తువొక్కటే యని అద్వైతులు చెప్పు మాట ఇచ్చట అక్షరాల వర్తించును. ఆ యేకత్వమును ఎఱుగకుండుటయే ఇచ్చటి యవిద్య.

పసిపిల్లల విషయమున ఈ యవిద్య ప్రేమరూపమున వచ్చును. రాత్రి రెండు గంటలు. బిడ్డ ఒళ్లు పెనమువలె కాలుచున్నది. తల్లి దీపము వేసి సీసా అందుకొనుచు అడుగును:

“అత్తయ్యా, బాబుకి మందు వేశారా?”

“పదింటికే వేశానమ్మా, ఒక చెంచాడు.”

“అయ్యో, మీరు పడుకున్నాక పన్నెండింటికి ఆయన కూడా వేశారట!”

ఇందు దోషులెవ్వరును లేరు. ముగ్గురును ఆ బిడ్డకై ప్రాణమిత్తురు. ఐనను రెండు గంటల యెడముతో రెండు మోతాదులు లోనికి పోయినవి, మూడవది చేతిలో సిద్ధముగా నున్నది. చెంచాడనగా ఎంతయో గూడ ఎవ్వరును చెప్పలేరు. పిల్లల మోతాదు వయస్సునుబట్టి గాక బరువునుబట్టి కట్టవలయును: కిలోగ్రామునకు 15 మిల్లీగ్రాములు దాటకుండ ఒకమాఱు, నాలుగు నుండి ఆఱు గంటల యెడముతో, దినమునకు నాలుగు మాఱులకు మించక. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములన్నమాట. కాని సీసాలన్నియు ఒక్క పాకము కావు. ఒక సిరపులో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, వేఱొకదానిలో 250; పసికందుల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరునకే 100. ఆ బిడ్డకే మొదటిది ఆఱు మిల్లీలీటర్లు, రెండవది మూడు, చుక్కల మందు ఒకటిన్నర. చుక్కల సీసాను సిరపుగా తలంచి అయిదు మిల్లీలీటర్ల చెంచాతో పోసినచో ఎంత పోవునో లెక్కవేయ నక్కఱలేదు. సీసాతో వచ్చిన కొలతమూతతోనో, మిల్లీలీటర్ల గీతలు గల సిరంజితోనో కొలిచి, వేసిన గంటయు కొలతయు గోడ క్యాలెండరుపై వ్రాయుటను నేను సంధ్యావందనమువంటి యనుష్ఠానముగా గణింతును. మహాయానబౌద్ధులు కరుణను ప్రజ్ఞనుండి విడదీయకుండుటకు కారణము ఆ రాత్రి రెండు గంటలకు నాకు బోధపడును. మఱియొక మాట: జ్వరము శత్రువు కాదు, వ్యాధితో పోరుటకు దేహము పెంచుకొను వేడి. బిడ్డ హుషారుగా ఆడుకొనుచున్నచో థర్మామీటరులోని అంకెకు మందు పోయనక్కఱలేదు. మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో మాత్రము ఇంటి విచారమే కూడదు, వెంటనే వైద్యునికడకు కొనిపోవలయును.

లంఖణమును గూర్చి కొంచెము. జ్వరము వచ్చినవానికి అన్నము పెట్టకుండుట మన యిండ్లలో అనాదిగా నున్నది. ఆ యాచారము పుట్టిననాడు ఈ బిళ్ళ లేదు. దినముల తరబడి ఆహారము లేనివానికి గ్లూటాథయోన్ నిలువ తగ్గును. అట్టివానికి గరిష్ఠమైన మోతాదులను వరుసగా వేయుచు పోయినచో, విడివిడిగా హాని చేయని రెండును ఒక్క దేహమున కలిసి హాని చేయవచ్చును. గంజియో జావయో ఇచ్చుచు, మోతాదును క్రింది హద్దులో నుంచుట మేలు.

శబ్దప్రమాణమును ఆశ్రయింపుమనగా వినవచ్చిన మాటనెల్ల నమ్ముమని కాదు. ఆప్తుడెవ్వడో తేల్చుట ఈ మందు చరిత్రలోనే కష్టమైనది. పారాసిటమాల్‌ను రసాయనజ్ఞుడు మోర్స్ 1878లో తయారుచేసెను; 1893లో వాన్ మెరింగ్ రోగులకిచ్చి చూచి, రక్తమునకు కీడుచేయునని యనుమానించి దీనిని ప్రక్కకు నెట్టి, దీని సోదరియైన ఫెనాసిటిన్‌ను మేలనెను. ఆయన చూచిన కీడు మందుది కాదు, అందలి కల్తీది కావచ్చునని తరువాతివారి యూహ. చూపే దోషయుక్తమైనప్పుడు పండితుని ప్రత్యక్షము సైతము అంతే. 1948లో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అనువారు దీనిని మరల వెలుగులోనికి తెచ్చిరి; ఉత్తమమనిపించుకొన్న ఫెనాసిటిన్ మూత్రపిండములకు చేటని తేలి పలుదేశముల విపణినుండి తొలగింపబడినది. పారాసిటమాల్ అతిమాత్రముచేత కాలేయము చెడునని 1966లో గాని వైద్యపత్రికలకు ఎక్కలేదు. కనుక ఆప్తవాక్యమనగా ఒక్కని నోటిమాట కాదు, తన తప్పును తాను దిద్దుకొనుచు వచ్చిన పరంపర. ‘మా బావగారు ఒకేమాఱు మూడు వేసుకున్నారు, ఏమీ కాలేదు’ అను పొరుగువాని సాక్ష్యము ఆ పరంపరలో చేరదు.

ఉపశమమే ఆరోగ్యమని తలంచుట ప్రత్యక్షము చేయు రెండవ మోసము. బిళ్ళ జ్వరమును దింపును గాని జ్వరకారణమును కదలింపదు. వానకాలమున మన యూళ్లలో ప్రబలు డెంగీ దీనికి నిదర్శనము. అందు జ్వరమునకు పారాసిటమాలే తగినది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావమునకు దారితీయవచ్చును గనుక కూడవు. కాని డెంగీలో జ్వరము దిగిన ఘడియలే, ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకొను ఆ ఘడియలే, మిక్కిలి ప్రమాదకరమైనవి. మూడు దినములు దాటిన జ్వరమును బిళ్ళతో నెట్టుకొని పోవుట అందుచేతనే కూడదు.

పొరపాటుననో, దుఃఖావేశముననో, ఎవరైనను హద్దు మీఱి వేసికొన్నప్పుడు ఏమి చేయవలయును? ఒంట్లో బాగుండినను ఆసుపత్రికి పోవలయును, ఆ క్షణముననే పోవలయును. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అను విరుగుడు కలదు; అది గ్లూటాథయోన్ నిలువను మరల నింపును. ఎనిమిది గంటలలోపల ఇచ్చినచో కాలేయము దాదాపు తప్పక దక్కును. ఆలస్యమైనను ఇచ్చుట వ్యర్థము కాదు. అచ్చట వైద్యుడు రోగి ముఖకళను చూచి నిర్ణయింపడు. ‘నాకేమీ లేదండీ, బానే ఉన్నాను’ అను మాటను ప్రమాణముగా గైకొనడు. మందు లోనికి పోయిన నాలుగు గంటల పిమ్మట రక్తము తీసి, అందలి మందు పరిమాణమును గడచిన గంటలతో పట్టికలో సరిపోల్చి చూచును. ఆ లెక్కకు ఆధారము రోగియో, అతని తల్లియో, భార్యయో చెప్పవలసిన రెండు సంగతులు మాత్రమే: ఎన్ని వేసికొనెను, ఎప్పుడు వేసికొనెను. అంతవఱకు వైద్యుని మాట వినవలసియున్నవారు ఆ నిమిషమున తామే వైద్యునకు ఆప్తులగుదురు. సిగ్గుచేత సంఖ్య తగ్గించి చెప్పుటయు, భయముచేత వేళ మార్చి చెప్పుటయు అక్కడనే జరుగుచుండును. అట్లు చెప్పవచ్చినవారిని కసరక, నిందింపక, ప్రక్కన కూర్చుండి ఉన్నదున్నట్లు చెప్పించి, ఖాళీయైన అట్టలనన్నిటిని ఏఱి వైద్యుని చేతికిచ్చుట బంధువుల పని.