విషాదమును గూర్చి మనుమరాలికి

నాంపల్లి,
2021 మే 23, ఆదివారము.

 

తల్లీ, ఊపిరి యందక జనులు ఆసుపత్రుల వాకిళ్లలో పడిగాపులు పడుచుండగా, జ్వరమైనను లేని నాకు, నెలనెలా జీతము తప్పని నాకు, దుఃఖించుటకు హక్కెక్కడిదని నీవు వ్రాసిన వాక్యమే నన్ను మిక్కిలి కలతపెట్టినది. తోడి పిల్లలు స్వగ్రామములకు వెడలిపోయిన పిదప మాదాపూర్‌లోని ఆ గదిలో నీకు అన్నము సయింపకుండుటయు, నిద్ర పట్టకుండుటయు వింతలు కావు. ఆ బాధను నేరమువలె దాచుకొనుటయే అపాయము. పొరుగువాని దుఃఖము పెద్దదైనంతమాత్రమున నీ దుఃఖము బొంకు కానేరదు.

నీ మనస్సు వేటికై అలమటించుచున్నదో నే నెరుగుదును. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరంభమై, తరువాత మన యింటిచెంతకు తరలివచ్చిన నుమాయిష్ ఈ జనవరిలో తెరువలేదు. నిరుడు రంజానుకు హలీం బట్టీలు వెలుగలేదు; మృగశిర నాడు చేపప్రసాదమునకై బారులు తీరువారును రాలేదు. నేడు ఆదివారమైనను ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పరచువారు లేరు. ఉదయము పది దాటినంతనే లాక్‌డౌన్. ఇవి వినోదములే కదా యని కొందరు తేలికగా అందురు. నేనట్లు తలపను. పేరైనను తెలియని మనుష్యుల నడుమ భుజము రాచుకొని నడచుట, పుస్తకముల వానితో బేరమాడి రెండు మాటలు చెప్పుకొనుట, ఇవి కరవైనచో మనస్సు చిక్కిపోవుట సహజము.

మన నగరమునకు మహమ్మారి క్రొత్త కాదు. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు, ఒకదాని వెంట నొకటిగా వచ్చినవి. అప్పటి యేలికలు ఇరుకుపేటలలోని పేదలను ధైర్యముగా నుండుడని బోధించి ఊరకుండలేదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నెలకొల్పి, గాలియు వెలుతురును చొరని కొంపలను తొలగించి, వెడల్పు వీథులను, ఆరోగ్యకరమైన యిండ్లను కట్టించిరి. మన నాంపల్లి అట్లు బాగుపడిన పేటలలో నొకటి. రోగము పుట్టినది నివాసుల పిరికితనమువలన కాదనియు, వారు బ్రతుకు తావువలన ననియు గ్రహించిన వివేకమది. నీ మనస్సు విషయమునను ఆ వివేకమే కావలెనని నా ప్రార్థన. నీవు దుర్బలవు కావు. నీ దినములకు కిటికీలు మూతపడినవి, అంతియ.

భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. ఆ యధ్యాయమంతయు వెదకినను శ్రీకృష్ణుని పలుకు ఒక్కటియే కనబడును. ఒడలు వడకుచున్నదని, విల్లు జారుచున్నదని, అర్జునుడు చెప్పుకొన్నదంతయు ఆయన విన్న పిమ్మటనే బోధ ప్రారంభమైనది. దుఃఖితునకు ధైర్యము చెప్పుటకు మనవారు పడు తొందరను చూచినప్పుడెల్ల నాకీ సంగతి తోచును. కావున నీవు చెప్పుము, మేము విందుము. మీ నాయనమ్మ వినుటలో నాకంటె నేర్పరి.

ప్రొద్దుట సడలింపు వేళ మాస్కు ధరించి కొంత దూరము నడువుము. మరణవార్తలను దినమున కొక్కమారు చూచి, ఫోను అవతల నుంచుము. నీ అంతస్తులోనే ఒంటరిగా నున్న వృద్ధురాలికి కూరలు తెచ్చి గడప వద్ద నుంచి, దూరమునుండియే పలుకరింపుము. మా వయస్సును తలచి నీవిక్కడికి రాకుండుట ప్రేమయే యని మేమెరుగుదుము. కాని, రాకపోకలు మానవలె ననిన మాటలాడుట మానవలెనని కాదు.

ఇంకొక్క మాట. నిద్రలేమి, ఆహారముపై విముఖత రెండు వారములు మించినను, బ్రతుకు వలదను తలపు ఒక్క క్షణము పొడసూపినను, ఆలస్యము చేయక మానసిక వైద్యుని చూడవలెను. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరును ఎగతాళికి వాడుట మన నగరమునకు పట్టిన దురలవాటు. దానికి వెరచి ఎందరు వైద్యమునకు దూరమైరో కదా! గుండెకు వైద్యుడున్నట్లే మనస్సునకును కలడు. నీ ఉత్తరమును బట్టి చూడగా ఆ రెండు వారములు ఇదివరకే గడచినవి. బుధవారములోగా వైద్యునితో వేళ నిర్ణయించుకొని నాకు తెలుపుము. నీవు ఒప్పినచో ఆ సమయమున నేనును ఫోనులో తోడుగా నుందును.

ఆశీస్సులతో,
మీ తాతయ్య