స్వామి తలకూ మందు రాశారు – చిన్న వయసులో జుట్టు రాలే పిల్లలకు ఒక మాట

శ్రీ గురుభ్యో నమః. ఓం నమో వేంకటేశాయ.

శనివారం వీడియోలో తలనీలాల మహిమ గురించి చెప్పుకున్నాం కదా. సమయం చాలక ఒక విషయం పక్కన పెట్టాను. ఇరవై, ఇరవై అయిదేళ్లకే జుట్టు పల్చబడిపోతున్న మగపిల్లల సంగతి అది. "ఇది కూడా ప్రవచనంలో చెప్పేదేనా స్వామీ?" అని కొందరికి అనిపించవచ్చు. గుడికి వచ్చి, శఠగోపం కోసం తల వంచడానికి సిగ్గుపడే పిల్లవాడు ఉన్నాడంటే ఇది ప్రవచనంలో చెప్పాల్సిన విషయమే.

ముందు కథ చెప్పుకుందాం. వేంకటాచల మాహాత్మ్యంలో ఉన్నదే, మీరందరూ విన్నదే. శ్రీనివాసుడు పుట్టలో ఉంటాడు. చోళరాజు గోవు రోజూ వచ్చి ఆ పుట్టలో పాలు ధారపోస్తూ ఉంటుంది. ఇంటికి పాలు తక్కువ వస్తున్నాయని గొల్లవాడు ఆవు వెనకాలే వస్తాడు. కోపంతో గొడ్డలి ఎత్తుతాడు. ఆవును కాపాడడానికి స్వామి పైకి లేస్తాడు, దెబ్బ స్వామి తలకే తగులుతుంది. ఇంతవరకూ అందరికీ తెలుసు. తరువాత ఏమయింది? జగత్తుకే నాథుడు కదా, చిటికె వేస్తే గాయం మానిపోదా? అలా చేయలేదు. బృహస్పతిని తలుచుకున్నాడు. దేవగురువు వచ్చి గాయం చూసి, మేడిపాలు, జిల్లేడు దూది పెట్టి కట్టమని మందు చెప్పాడు. స్వామి ఆ మందు వెతుక్కుంటూ కొండ మీద తిరిగాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తనకు తెలియక కాదు ఆయన అడిగింది. తలకు దెబ్బ తగిలితే తెలిసినవాళ్లకు చూపించాలి, వాళ్లు చెప్పిన మందు వాడాలి అని మనకు నడిచి చూపించాడు. (చిన్న హెచ్చరిక. కథ విని ఎవరూ జిల్లేడు పాలు తలకు పూసుకోవద్దు. ఆ పాలు చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మన పల్లెల్లో పేనుకొరుకుడుకు ఇది రాసి బొబ్బలు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.)

ఇంకో కథ కొండ మీద చెప్పుకుంటారు. దెబ్బ తగిలిన చోట స్వామికి జుట్టు మొలవలేదట. నీలాదేవి ఆ ఖాళీ చూసి ఓర్చుకోలేక తన కురులే తీసి అక్కడ పెట్టిందట. భక్తులు నాకిచ్చే జుట్టంతా నీకే చెందుతుందని స్వామి వరమిచ్చాడు. ఏడుకొండల్లో నీలాద్రి ఆ తల్లి పేరే. తలనీలాలు అనే మాట కూడా ఆమె పేరు మీదనే వచ్చిందని పెద్దలు చెప్తారు. అంటే ఏమిటి నాయనా? నువ్వు అద్దంలో చూసుకుని ఏడుస్తున్న ఆ ఖాళీ స్వామికీ ఉండింది.

ఇప్పుడు చెన్నేకొత్తపల్లి సంగతి. అక్కడ మూడు రోజులు ప్రవచనం చెప్పాను. అనంతపురం నుంచి బెంగళూరు పోయే హైవే పక్కనే ఊరు. చుట్టూ వేరుశెనగ చేలు, గుట్టలు. పిల్లలు చాలామంది పెనుకొండ వైపు కార్ల ఫ్యాక్టరీలకు, ధర్మవరం మగ్గాలకు, హిందూపురం కంపెనీలకు పనికి పోతారు. రెండో రోజు తీర్థం, శఠగోపం ఇచ్చేటప్పుడు ఒక పిల్లవాడు వరసలోంచి తప్పుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. నెత్తిన టోపీ. అందరూ వెళ్లాక వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"సామీ, వీడికి ఇరవై మూడేండ్లు. తల దువ్వితే సాలు, కుచ్చు కుచ్చు వస్తాంది. రెండు సంబంధాలు వెనక్కి పోయినాయి. తిరుపతికి మొక్కినా, కదిరి నరసింహసామికి మొక్కినా, ఊళ్లో ఆంజనేయసామికి మండలం తిరిగినా" అంది.

పిల్లవాడు తల ఎత్తలేదు. కాసేపటికి అడిగాడు. "సామీ, అమ్మ మొక్కింది. గుండు ఇయ్యాలంట. నా నెత్తిలో ఉండేదే నాలుగు ఎంటికలు. అవి ఇస్తే సామి తీసుకుంటాడా?"

నాకు గొంతు పట్టుకుంది. ఈ ప్రశ్న వాడు ఎన్ని రాత్రులు అనుకుని ఉంటాడో. నేను అడిగాను: "కుచేలుడు ఎన్ని అటుకులు తెచ్చినాడు నాయనా? కల్యాణకట్టలో ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తే స్వామి తీసుకోవడం లేదా? ఆయన తూకం వేసి తీసుకుంటాడని ఎవరన్నారు నీకు?" టోపీ మెల్లగా తీశాడు. శఠగోపం పెట్టాను. దాని మీద ఉండేవి స్వామి పాదాలు. ఆ పాదాలు జుట్టును వెతుక్కుంటూ రావు.

తరువాత ఇంకో ప్రశ్న వేశాను. "డాక్టరుకు చూపించినారా?" తల్లి వెంటనే, "వాళ్ల నాయనకూ బట్టతలే కదా సామీ, ఇంగ చూపించేదేముంది" అంది. ఊళ్లో అందరూ తలా ఒకటి చెప్పారు. బోరు నీళ్లన్నారు, ఫ్యాక్టరీలో పెట్టుకునే హెల్మెట్ అన్నారు, ఎవరో చేతబడి అన్నారు. పిల్లవాడు ఫోన్‌లో చూసి నూనెలు, సీరాలు తెప్పించుకున్నాడు. రెండు నెలల జీతం అందులోనే పోయింది. నలుగురూ కారణం చెప్పారు గానీ, ఒక్కరూ తల చూసి చెప్పలేదు.

మన పెద్దలు దీన్ని గాలికి వదిలేయలేదండీ. సుశ్రుతసంహితలో నిదానస్థానం అని ఒక భాగం ఉంది. అందులో క్షుద్రరోగాలు చెప్పే చోట ఇంద్రలుప్తం, ఖాలిత్యం అని జుట్టు ఊడే జబ్బుకు పేర్లు పెట్టి మరీ చెప్పారు. క్షుద్రం అంటే చేతబడి అనుకోకండి, అక్కడ చిన్నవి అని అర్థం. పిత్తం, వాతం కలిసి రోమకూపాల్లోంచి జుట్టును రాలుస్తాయని, తరువాత కఫం, రక్తం ఆ దారి మూసేస్తాయని ఆనాటి వివరణ. ఈనాటి వైద్యం వేరే భాషలో చెప్తుంది. కానీ నిదానం అన్న మాట చూడండి. సంస్కృతంలో నిదానమంటే జబ్బుకు మూలం పట్టుకోవడం. తెలుగులో నిదానమంటే తొందరపడకపోవడం. జుట్టు విషయంలో ఈ రెండూ కావాలి. నాకు ఈ మాట మీద ఎప్పుడూ ముచ్చటే.

మూలం ఎందుకు పట్టుకోవాలంటే, జుట్టు రాలడం అన్నది ఒకే జబ్బు కాదు. నుదురు రెండు పక్కలా వెనక్కి పోతూ, నడినెత్తిన పల్చబడితే అది చాలావరకు వంశంతో, మగ హార్మోనుతో వచ్చేది. తండ్రి వైపు నుంచే కాదు, తల్లి వైపు నుంచి కూడా వస్తుంది. ఉన్నట్టుండి రూపాయి బిళ్లంత నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. పేను కొరికితే వచ్చేది కాదు అది. మన ఒంట్లోని రక్షణ శక్తే వెంట్రుక కుదుళ్ల మీద పడడం వల్ల వస్తుంది. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు తలంతా కుచ్చులుగా రాలితే అది వేరు, చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. థైరాయిడ్ తేడా, రక్తంలో ఇనుము తక్కువ కావడం, ఒక్కసారిగా తిండి మానేసి సన్నబడడం, ఇవీ కారణాలే. పొలుసులు, చీము, దురద ఉంటే ఫంగస్ కావచ్చు. దీనికి వేసే మందు దానికి పని చేయదు. తెలియక మెడికల్ షాపులో స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొని ఫంగస్ మీద రాస్తే అది ఇంకా పాకుతుంది. ఇక బోరు నీళ్లకు జుట్టు బిరుసెక్కుతుంది గానీ బట్టతల రాదు. హెల్మెట్‌కూ రాదు.

ఆ పిల్లవాణ్ని అనంతపురం సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి పొమ్మన్నాను. అక్కడి డాక్టరమ్మ ఏం చేసిందో తరువాత వాడే ఫోన్‌లో చెప్పాడు. ముందు ప్రశ్నలు అడిగిందట. ఎప్పటి నుంచి? ఏమైనా జ్వరం వచ్చిందా? ఏ మందులు వాడుతున్నావు? జిమ్ పొడులు, ఇంజెక్షన్లు ఏమైనా ఉన్నాయా? కొన్ని వెంట్రుకలు వేళ్లతో పట్టి లాగి చూసింది. చిన్న భూతద్దం లాంటి పరికరంతో నెత్తి చూసింది. రక్తపరీక్ష రాసింది. పాత ఫోటోలు చూపించమంది. అప్పుడు బయటపడింది, అంతకు మూడు నెలల ముందు వాడికి టైఫాయిడ్ వచ్చింది! వారం రోజులు మంచంలో ఉన్నాడు. జుట్టుకూ దానికీ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వాడికి రెండూ ఉన్నాయట. నుదుటి దగ్గర తండ్రి పోలిక మొదలయింది, నిజమే. కానీ కుచ్చులుగా రాలుతున్నది జ్వరం తాలూకు. ఇనుము కూడా తక్కువగా ఉంది. జ్వరం వల్ల పోయింది ఆరు నెలల్లో వస్తుంది, ముందు వైపుది మందు వాడితే చాలావరకు నిలబడుతుంది, మందు ఆపితే మళ్లీ మొదలవుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పిందట. నాకు ఆ తల్లి మాట తీరు నచ్చింది. లేని ఆశ పెట్టలేదు, ఉన్న ఆశ దాచలేదు.

మందుల పేర్లు చెప్పి వాడమనడం నా పని కాదు. కానీ ఒకటి చెప్తాను. తలకు రాసే మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వేసిన మాత్ర. వేసుకున్నవాళ్లకు జుట్టు పెరగడం చూసి, తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో మగవాళ్ల బట్టతలకు అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ మాత్రకు ఆ అనుమతి 1997లో వచ్చింది. ఇవి నెలల తరబడి వాడేవి, దుష్ఫలితాలూ ఉండొచ్చు. స్నేహితుడు వాడాడని మీరు వాడేవి కావు. జుట్టు నాటే ఆపరేషన్ల విషయంలో ఇంకా జాగ్రత్త. అందులో శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే అది చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. పొలం తాకట్టు పెట్టి, బోర్డు చూసి తల అప్పగించకండి.

ఇప్పుడు మొక్కు సంగతి. "గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది" అని మొక్కుకునేవాళ్లు ఉన్నారు. కుదుళ్లు చర్మం లోపల ఉంటాయి, కత్తి పైపైన పోతుంది. మొలిచేటప్పుడు కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి ఒత్తుగా అనిపిస్తుంది, అంతే. సంఖ్య పెరగదు. తలనీలాలు ఇవ్వడం నేను చాలా గొప్ప విషయం అంటాను. అయితే ఇవ్వడమంటే నా అందం మీద నాకున్న మమకారం నీ కాళ్ల దగ్గర పెడుతున్నాను స్వామీ అనడం. పాత జుట్టు ఇచ్చి కొత్త జుట్టు పట్టుకుపోతాను అంటే అది గిన్నెల అంగడి బేరం. తల గొరిగించుకున్నంత మాత్రాన మనసు మారదని వేమన కూడా ఎత్తిపొడిచాడు కదా. ఆయన సమాధి మన కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది.

కొందరు పెద్దవాళ్లకు ఇంకో భయం. డాక్టరు దగ్గరికి పోతే మొక్కు మీద నమ్మకం లేనట్టవుతుందేమో అని. స్వామి బృహస్పతిని పిలిచినప్పుడు ఆయన మీద ఆయనకే నమ్మకం లేకపోయిందా?

సంబంధాల విషయం చెప్పకుండా ఉండలేను. 2021లో 'నూటొక్క జిల్లాల అందగాడు' అని సినిమానే వచ్చింది, బట్టతల దాచుకునే కుర్రవాడి మీద. నవ్వుకున్నాం. మన ఇంట్లో పిల్లవాడు పెళ్లిళ్లకు రావడం మానేస్తే నవ్వు రాదు. పెళ్లిచూపుల్లో "అబ్బాయి బాగానే ఉన్నాడు గానీ, నెత్తి..." అని ఆగిపోయే మేనత్తలూ, పిన్నమ్మలూ, ఆ మాట వాడు వారం రోజులు మోస్తాడు. "ఏరా బోడి" అని పిలిచే స్నేహితులకూ చెప్తున్నాను. తల్లిదండ్రులారా, పిల్లవాడు అన్నం తగ్గించినా, గదిలోంచి రాకపోయినా, "నేనుండి ఏం లాభం" అన్నా అది జుట్టు గురించి అని తేలిగ్గా తీసుకోవద్దు. పక్కన కూర్చోండి. 14416 అని ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అది కూడా వైద్యమే.

ఆసుపత్రికి పోయేటప్పుడు ఏడాది కిందటి ఫోటో ఒకటి, ఇప్పటిది ఒకటి, వాడిన నూనెల, మాత్రల అట్టలు తీసుకుపోండి. ఏ నెలలో జ్వరం వచ్చిందో కాగితం మీద రాసుకోండి. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం అందరికీ ఉండేదే, దువ్వెన చూసి హడలిపోవద్దు. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పదిహేను రోజుల్లో చూపిస్తాం అనేవాళ్ల దగ్గర నిదానంగా లేచి వచ్చేయండి.

చెన్నేకొత్తపల్లి పిల్లవాడు మొన్న ఫోన్ చేశాడు. కుచ్చులు రావడం ఆగిందట. ముందు వైపు పల్చగానే ఉందట, ఇంకా అద్దం ముందు బాధగానే ఉంటుందట. డాక్టరమ్మను అడిగి, ఆమె సరేనన్నాక, అమ్మతో కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. "కల్యాణకట్టలో అందరివీ గుండ్లే సామీ, ఎవరికి ఎంత ఉండిందో యాడ తెలుస్తుంది" అని నవ్వాడు.

బృహస్పతి చెప్పిన ఆ మందు వెతుక్కుంటూ వెళ్లినప్పుడే స్వామికి వరాహస్వామి దర్శనమయింది, వకుళమాత దొరికింది. ఆ కథ వచ్చే శనివారం చెప్పుకుందాం.

ఓం నమో వేంకటేశాయ.