గాలి మోసే బరువు

టైరు బరువు మోస్తుందని మనం అనుకుంటాం. మోసేది టైరు కాదు, అందులో ఉన్న గాలి. రబ్బరూ, నూలూ, ఉక్కు తీగలూ కలిసి చేసే పనల్లా ఆ గాలిని పారిపోకుండా పట్టి ఉంచడమే. ఈ ముక్క పంచరు షాపు కుర్రాడిని అడిగినా చెబుతాడు. అయినా టైరు కొనేటప్పుడు మనం చూసేది గాళ్ల లోతు, అక్షరాల అందం, చివరికి ధర. లోపల ఎంత గాలి ఉండాలన్నది బేరమంతా అయ్యాక గుర్తొస్తుంది. అదీ గుర్తొస్తే.

డల్లాసు దగ్గర ఉండే మా మేనల్లుడికి ఒక పెద్ద బండి ఉంది. మూడు వరసల సీట్లు. మగపెళ్లివారిలో ముఖ్యులందరూ ఎక్కేయొచ్చు. దాని వెనక ఈమధ్య ఒక క్యాంపరు తగిలించాడు. క్యాంపరంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. సామానుతో కలిపి మూడు టన్నులకు కాస్త తక్కువ. ఏడాదిలో ఓ ఇరవై రోజులు దాన్ని లాక్కుని పాలో డ్యూరో లోయకో, కొలరాడో కొండలకో పోతారు. మిగతా మూడువందల నలభై అయిదు రోజులూ ఆ బండి పిల్లల్ని బడికీ, కూచిపూడి క్లాసుకీ తిప్పుతుంది. ఇప్పుడు టైర్లు అరిగాయి. కొత్తవి ఏ రోజుల కోసం కొనాలి? ఆ ఇరవై రోజుల కోసమా, మిగతా రోజుల కోసమా? నేను అక్కడున్న నెలన్నరలో ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద ధర్మసందేహం రాలేదు.

షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి ప్యాసింజరు రకం. పక్కలు మెత్తగా ఉంటాయి, ప్రయాణం ఉయ్యాల ఊగినట్టుంటుంది. రెండోది ఎల్‌టీ, చిన్న ట్రక్కుల రకం. పక్కలు గట్టి, ధర ఎక్కువ, రోడ్డు మీద గులకరాయి ఉన్నా ఫలానా చోట ఉందని నడుముకు తెలియజేస్తుంది. పక్కన వేసిన అంకె 115 అయితే ఒక్కో టైరు 1215 కిలోల వరకూ మోస్తుందని అర్థం. 123 అయితే 1550. ఇక్కడో తమాషా ఉంది. ప్యాసింజరు టైరును ఇలాంటి పెద్ద బండికి వేస్తే దాని బలాన్ని 1.1తో భాగించి లెక్కపెట్టాలని అమెరికా నిబంధన. అంటే 1215 కాస్తా సుమారు 1105 అవుతుంది. తన గురించి తాను చెప్పుకున్న దాంట్లో పదకొండో వంతు ముందే కొట్టేసి చూడాలన్నమాట. ఈ పద్ధతి మనుషులకూ పెడితే మన ఎన్నికలు ఎంత ప్రశాంతంగా జరుగుతాయో!

ఇంతకీ క్యాంపరుకు దాని చక్రాలు దానికే ఉన్నాయి కదా, మధ్యలో బండి టైర్లకేం బాధ అని మీరడగవచ్చు. ఎడ్లబండి తోలినవాళ్లయితే అడగరు. సామాను వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగుస్తుంది. మరీ ముందుకు మొగ్గితే మెడ కాయలు కాస్తుంది. బండి తిన్నగా నడవాలంటే కాస్త బరువు కాడి మీద పడి తీరాలి. క్యాంపరు సంగతీ అంతే. దాని బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందున్న కొక్కెం మీద పడాలి. తగ్గిందా, జోరు మీద వెనక ఇల్లు పాములా మెలికలు తిరుగుతుంది. మావాడి లెక్కలో అది 350 కిలోలు. అదంతా వెళ్లి కూర్చునేది బండి వెనక టైర్ల మీదే. ఆపైన మనుషులు, సైకిళ్లు, మంచినీళ్లు, ఆవకాయ జాడీలు.

మావాడిది గట్టి టైర్ల పక్షం. వాడి భార్య ఒప్పుకోలేదు. "మావయ్యగారూ, ఇరవై రోజుల కోసం ఏడాదంతా నడుములు విరగ్గొట్టుకోవాలా? పైగా ఖాళీ బండికి ఆ గట్టి టైర్లు వేస్తే తడి రోడ్డు మీద తొందరగా ఆగవుట. నేను రోజూ వెళ్లేది బడి ముందు నుంచి!" అంది. ఆ అమ్మాయి మాట తీసెయ్యడానికి లేదు. రోడ్డు మీద మనం ఎవరికి బాకీ ఉన్నామో వాళ్లందరూ ఒకేచోట నిలబడి ఉండరు. పెద్ద రోడ్డు మీద పక్క వరసలో వెళ్లే ముక్కూమొహం తెలియని కుటుంబం ఒకటి. బడి దగ్గర రోడ్డు దాటే పిల్లవాడు ఇంకొకడు. బరువైనదీ ఖరీదైనదీ కొన్నంత మాత్రాన ఇద్దరి బాకీ తీరిపోదు.

సరే, తూచి చూద్దామన్నాను. సరుకు లారీలను తూచే కాటాను మన దగ్గర ధర్మకాటా అంటారు. ఆ పేరు పెట్టినవాడికి నమస్కారం. అక్కడా లారీలు ఆగే చోట్ల అలాంటివి ఉన్నాయి. సామానంతా సర్దుకుని, పిల్లలతో సహా ఎక్కి, క్యాంపరు తగిలించుకుని వెళ్లాం. వెనక ఇరుసు మీద 1980 కిలోలు తేలింది. ప్యాసింజరు టైర్లు రెండూ కలిపి 2210 మోస్తాయి. అంటే నిబంధన ప్రకారం మెత్తనివే చాలు, ఇంకా 230 కిలోలు మిగులు! అమ్మాయి మొహం వెలిగింది.

మరి నిబంధన చాలన్నాక మనం ఇంకా ఏమైనా బాకీ ఉంటామా? ఉంటామనే నేననుకుంటాను. ఆ 2210 అన్నది నిండా గాలి ఉన్న టైరు మాట. గాలి తగ్గినకొద్దీ టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి. వేడి ముదిరితే పైపట్టీ ఊడిపోతుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది ఇలా ఊడినందుకే. వాటిలో చాలా భాగం ఫోర్డు ఎక్స్‌ప్లోరరు బండ్లకు వేసినవి. 200 మందికి పైగా పోయారు. బండికి 26 పౌండ్ల గాలి చాలని ఫోర్డు చెప్పింది. గొడవ ముదిరాక 30 ఉండాలని ఫైర్‌స్టోన్ అంది. తప్పు టైరుదని వాళ్లు, బండిదని వీళ్లు. ఈ రెండు కంపెనీల వాళ్లూ బయటివాళ్లేమీ కారు. హెన్రీ ఫోర్డు మనవడు 1947లో హార్వే ఫైర్‌స్టోన్ మనవరాలిని పెళ్లాడాడు, ఆ దంపతుల కొడుకే అప్పుడు ఫోర్డు కంపెనీకి అధ్యక్షుడు. దాదాపు వందేళ్ల వ్యాపారబంధం 2001 మేలో తెగిపోయింది. వియ్యాలవారి మధ్య వాదన ఏ పెళ్లిలోనైనా ఉండేదే కానీ, ఇక్కడ ఆ రెండు మాటల మధ్య తేడా నాలుగు పౌండ్ల గాలి.

ఆ గొడవ తర్వాత వచ్చిన చట్టం వల్లనే అక్కడి కొత్త బండ్లన్నిటికీ గాలి తగ్గితే వెలిగే దీపం పెట్టారు. మంచిదే. అయితే ఉండాల్సిన గాలిలో నాలుగోవంతు పోతేగాని అది వెలగక్కర్లేదు. ఈలోగా మన 230 కిలోల మిగులు ఎప్పుడో హరించుకుపోతుంది. జులై ఎండలో, గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో, వెనక మూడు టన్నుల ఇంటితో వెళ్లేటప్పుడు ఆ దీపాన్ని నమ్ముకోమని నేనైతే చెప్పలేను. నా ఒక్కడి ప్రాణమైతే ఎంత మిగులు చాలో నేనే తేల్చుకుంటాను. పక్క వరసలో వెళ్లేవాణ్ణి ఎవరూ అడగలేదు కదా?

అలాగని ఎల్‌టీ కొనేసి నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. అందులోనూ పాత అలవాటు ప్రకారం 35 పౌండ్లే కొట్టిస్తే అది మెత్తని టైరు కంటే తక్కువ బరువే మోస్తుంది! దాని బలం బయటపడాలంటే గాలి అంతకంతా పెంచాలి, కొన్నింటికి 80 దాకా. పైగా ఆ దీపం పాత టైర్ల లెక్కమీదే ఉంటుంది కనుక దానికి ఈ సంగతేమీ తెలియదు. ఖరీదైన బలం కొని దాన్ని ఖాళీగా తిప్పేవాడు, చవక టైరులో నిండా గాలి ఉంచుకున్నవాడికంటే ప్రమాదకరమైన మనిషి. వాడికి భయం కూడా ఉండదు చూశారూ!

చివరికి రాజీ కుదిరింది. ఎల్‌టీ రకంలోనే తడి రోడ్డు మీద బాగా పట్టేవి చూసి కొనడం, మంచినీళ్ల తొట్టి ఖాళీగా తీసుకెళ్లి చేరాక నింపుకోవడం. అమ్మాయి ఇంకో షరతు పెట్టింది. ప్రయాణానికి ముందురోజు గాలి పెంచడం, వచ్చాక షాపువాళ్లు చెప్పిన మేరకు తగ్గించడం, రెండూ మావాడే చేయాలి, నెలకోసారి చూసుకోవాలి కూడా. ఈ పని కోసం వాడు కొలత సాధనం ఒకటి కొని మేజాబల్ల సొరుగులో పెట్టుకున్నాడు.

మిగిలింది పాత టైర్లు. నాలుగింటిలో రెండు ఫర్వాలేదు. పక్కనున్న నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ ప్రకారం వయసూ మించలేదు. చవకగా ఇస్తానంటే ఒకాయన అలాంటి బండిలోనే వచ్చాడు. ధర కుదిరింది, డబ్బు తీయబోతున్నాడు. మావాడు ఒక్క నిమిషమని చెప్పి ఆయన బండి వెనక్కి వెళ్లి, వంగి, కొక్కెం ఉందేమోనని చూశాడు.