అంకె వాళ్ళది, మాటలు నావి

ప్రతి ఏడాదీ నవంబరు వచ్చిందంటే నాకు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడబుద్ధి కాదు. హైదరాబాదులో నేను పనిచేసే విదేశీ కంపెనీ శాఖలో అది రేటింగుల కాలం. నా టీములో ఉన్న పద్నాలుగు మందిలో ఒక్కొక్కరికీ ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయాలి. ఆ అంకె ఎందుకు వేశామో దాని కింద ఒక పేరా రాయాలి. 2022లో అలా నేను రాసిన పేరా ఒకటుంది. ఐదు వాక్యాలు. అప్పుడప్పుడు పత్రికల్లో వచ్చిన నా కథలూ కవితలూ అన్నీ కలుపుకున్నా, నేను రాసిన రాతల్లో ఒక మనిషి జీవితాన్ని నిజంగా మార్చింది అదొక్కటే. దాని గురించి చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా నారాయణపేటలో అందరూ "సాఫ్ట్‌వేర్ కంపెనీ" అని అన్నిటినీ ఒకే గాటన కడతారు. నిజానికి వాటిలో రెండు రకాలు. విదేశాల పనిని కాంట్రాక్టుకి తీసుకుని చేసిపెట్టే మన దేశపు కంపెనీలు ఒకటి. విదేశీ కంపెనీయే తన పని కోసం ఇక్కడ తెరుచుకున్న సొంత శాఖ రెండోది. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రం తెరిచింది. అదే ఏడాది నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. 2004లో గూగుల్, 2010లో ఫేస్‌బుక్ వచ్చాయి. 2019 ఆగస్టులో అమెజాన్ ఒక్క భవనంలోనే 15 వేల మంది కూర్చునేలా కట్టుకుంది. ఒకప్పుడు బ్యాక్ ఆఫీసు అన్నవాటినే ఇప్పుడు గ్లోబల్ కెపబిలిటీ సెంటర్ అని గౌరవంగా పిలుస్తున్నారు. పేరు ఎంత పెరిగినా సమావేశాలు మాత్రం అమెరికా పొద్దు ప్రకారమే జరుగుతాయి. అక్కడివాళ్ళకి కాఫీ వేళ అయితే మాకు పిల్లల్ని పడుకోబెట్టే వేళ.

"మనమంతా ఒకే కుటుంబం" అని చేరిన రోజునే చెప్పారు. ఆ మాట వినగానే ఆడవాళ్ళకి అనుమానం రావాలి. నాకు రాలేదు. చేనేత ఇంటి నుంచి వచ్చి మొదటిసారి నెల జీతం చూసిన పిల్లకి ఎలా వస్తుంది?

ఇక ఆ పేరా సంగతి. అందర్నీ ఒక వరుసలో నిలబెట్టి, చివరన ఉన్నవాళ్ళని ఏటా వదిలించుకోవాలనే పద్ధతి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని నడిపిన జాక్ వెల్ష్ పేరుతో ప్రసిద్ధి. పైన 20 శాతం, నడుమ 70, కింద 10. మైక్రోసాఫ్ట్ ఇలాంటి వరుసని 2013 నవంబరులో ఎత్తేసింది. నేను పనిచేసేది అంతకన్నా చాలా చిన్న కంపెనీ. మా దగ్గర పేరు మారింది గానీ పద్ధతి ఉంది. పద్నాలుగు మందిలో ఒకరు కిందికి రావాలి. ఎవరన్నది వాళ్ళు చెప్పరు. "ఒకరు" అనే అంకె మాత్రమే వస్తుంది.

ఆ ఏడాది మా టీములో ఒకామె జనవరిలో ప్రసవానికి వెళ్ళి జులైలో తిరిగొచ్చింది. 2017 సవరణ తర్వాత చట్టం ఇచ్చిన 26 వారాలు. వచ్చాక ఆర్నెల్ల పనిని ఆర్నెల్లూ బాగానే చేసింది. నేను ఆమెకి మూడు వేశాను. రెండు వేసింది ఇంకొకరికి. ఆ మనిషి ఏడాదంతా కుర్చీలోనే ఉన్నాడు, పని మాత్రం కనపడలేదు. రాత్రి పది గంటల సమావేశంలో అట్నుంచి తెర మీద ఒక పట్టిక పెట్టారు. సంవత్సరం మొత్తం మీద ఎవరు ఎంత పని ముగించారన్న లెక్క. సగం సంవత్సరం పని చేసినామె లెక్క సగమే ఉంది. "ఆమె సెలవులో ఉంది" అన్నాను. "అవును, మాకు తెలుసు, అయినా అందరికీ ఒకే కొలత ఉండాలి కదా" అన్నారు. ఇంకోసారి అనలేదు నేను. తెర మీద మూడు రెండయింది. కిందనున్న పేరాని అంకెకి తగ్గట్టు సరిచేయమన్నారు.

సరిచేశాను. "ఈ సంవత్సరం కీలకమైన దశల్లో ఆమె అందుబాటు పరిమితంగా ఉంది" అని మొదలుపెట్టాను. సెలవు అన్న మాట ఎక్కడా లేదు. బిడ్డ అన్న మాట లేదు. ఏ ఒక్క వాక్యమూ అబద్ధం కాదు. "చాలా సున్నితంగా రాశావు" అని మెచ్చుకుంటూ మర్నాడు మెయిలు వచ్చింది. సాహిత్యం చదువుకున్నందుకు నాకు కంపెనీలో దొరికిన మెప్పు అది.

2023 జనవరిలో అమెజాన్ 18 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, గూగుల్ 12 వేల మందిని ప్రపంచవ్యాప్తంగా తీసేస్తున్నట్టు ప్రకటించాయి. పెద్దవాళ్ళు చేశాక చిన్నవాళ్ళకి ధైర్యం వస్తుంది. ఫిబ్రవరిలో మా దగ్గర రెండు వచ్చినవాళ్ళందరికీ ఒకే రాత్రి మెయిళ్ళు వెళ్ళాయి. ఆమె బిడ్డకి అప్పటికి ఏడాది నిండుతోంది. సెలవులో ఉండగా తీసేయకూడదని అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి చట్టంలోనే ఉండేది. తిరిగొచ్చినదాని అంకె కింద రాసే పేరా గురించి అది మాట్లాడలేదు.

నేనేం చేయగలిగాను అని నన్ను నేను చాలాసార్లు సమర్థించుకున్నాను. నిర్ణయం నాది కాదు. నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు. నా ఉద్యోగం పోతే తమ్ముడి చదువు అప్పు ఎవరు తీరుస్తారు? ఇవేవీ బూటకపు కారణాలు కావు. పైగా, అడుగుదామంటే ఎదురుగా మనిషి ఉండడు. నా పైఆమె తన పైవాళ్ళని చూపిస్తుంది, వాళ్ళు బోర్డుని, బోర్డు మదుపుదారుల్ని. అధికారం దఫ్తరాల్లో పంచుకుపోయినప్పుడు అది 'ఎవరూ లేని పాలన' అవుతుందనీ, జవాబు చెప్పేవాళ్ళే మిగలరనీ హానా ఆరెంట్ 1970లో హింస మీద రాసిన పుస్తకంలో అంటుంది. పరాయి దేశపు శాఖలో ఆ మాట ఇంకా నిజం. సముద్రం కూడా అడ్డం ఉంటుంది కాబట్టి.

అయితే పైవాడి హుకుం, ఇక్కడివాడి చెయ్యి అన్న ఏర్పాటు పాలమూరు జిల్లాకి కొత్తదేం కాదు. నిజాం కాలంలో రైతు గడపలోంచి లెవీ ధాన్యం కొలిపించిన పటేల్ పట్వారీలు పరాయివాళ్ళు కారు, ఊళ్ళోవాళ్ళే. సర్కారు హుకుం, మేమేం చేస్తాం అనే వాళ్ళూ అనుంటారు. ధాన్యం పోగొట్టుకున్న ఇల్లు గుర్తుపెట్టుకునేది మాత్రం గడప ముందు నిలబడిన మొహాన్నే.

మా ఇంట్లోనూ ఒక శాఖ ఉండేది, మగ్గం. నారాయణపేట చీర అంటే గళ్ళ ఒడలు, గుడి గోపురాల అంచు అని మీలో చాలామందికి తెలుసు. ఒక్క పడుగు మీద ఎనిమిది చీరల దాకా దిగుతాయి. నూలూ పట్టూ సావుకారివి, రంగు సావుకారి చెప్పింది, మాకు వచ్చేది మజూరీ. కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది, పడుగు సరిచేసేది అమ్మ. ఆ మజూరీ నాయిన పేరున వచ్చేది. 2019–20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 72 శాతం ఆడవాళ్ళేనని తేలింది. మన భాష మాత్రం ఇప్పటికీ "నేతకాడు" అనే అంటుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి సావుకారి ఎర్ర పట్టు పంపాడు. అమ్మ ఒక పోగు తడిపి తెల్లగుడ్డ మీద రాసి చూసి, "ఇది నిలవదు. మొదటి ఉతుక్కే పోతది" అంది. నాయిన పోయి సావుకారితో చెప్పాడు. నేసిపెట్టు, అమ్ముకునేది నేను అని పంపించేశాడు సావుకారి. నేశారు. రెండు నెలలకి చీరలు వాపసొచ్చాయి, ఎరుపంతా ఒడల్లోకి దిగి. సావుకారి మజూరీలో కోత పెట్టాడు. ఆ అన్యాయానికి నాయిన ఊగిపోయాడు. అమ్మ ఆ చీరలు మడతపెడుతూ, "కొనుక్కున్నామె ఏ పెండ్లికి కట్టిందో. నాకెర్కనే ఉండె గద" అంది. "మనం చెప్పలేదా మరి? నెయ్యమన్నడు, నేసినం" అన్నాడు నాయిన. "చెప్పినం. నా చేతులకెల్లే పోయింది గద" అంది మళ్ళీ.

ఇక్కడ మీరు నన్ను ఆపుతారని తెలుసు. లోకంలో జరిగే ప్రతి తప్పూ తనదే అనుకోవడం ఆడవాళ్ళకి పితృస్వామ్యం నేర్పిన జబ్బు కదా, అమ్మ జబ్బుని పట్టుకొచ్చి నీతి అంటావేమిటి అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. అమ్మ సావుకారిని వదిలిపెట్టలేదు. వాణ్ణి తిట్టాల్సినన్ని తిట్లు తిట్టింది. తప్పు అనేది గజాల లెక్కన పంచుకునే గుడ్డ కాదు, ఒకరికి ఎక్కువ పోతే ఇంకొకరికి తక్కువ మిగలడానికి. సావుకారి తప్పు సావుకారికి నిండుగా ఉండగానే, తెలిసి చేసినదాని బరువు అమ్మకి ఉంది. తెలియడం అనేది ఆమెది, దాన్ని సావుకారి ఇవ్వలేదు. నూలు వాపసు చేసినట్టు దాన్ని వాపసు చేయడానికి వీల్లేదు.

నా సంగతి అంతకన్నా అధ్వాన్నం. అమ్మ చేతిలోంచి పోయింది పోగు. నా చేతిలోంచి పోయింది మాట. అంకె మార్చడానికి వాళ్ళకి నా అవసరం లేదు, ఒక మీట నొక్కితే మారింది. కానీ అంకెకి మనిషి గొంతు కావాలి. ఆమెని దగ్గరగా చూసినవాళ్ళు, ఆమె పనీ ఆమె అలసటా ఎరిగినవాళ్ళు రాసినట్టుండాలి. ఆ గొంతు అమెరికాలో దొరకదు. శాఖలు ఇక్కడ ఎందుకు పెడతారంటే జీతాలు తక్కువ కాబట్టి అని అందరూ చెప్తారు, అది నిజమే. నిర్ణయానికి స్థానికమైన మొహం, స్థానికమైన నోరు కూడా చవగ్గా దొరుకుతాయి. ఆ నోరు ఆడదానిదైతే మరీ మంచిది. విమాన పరిచారికల చిరునవ్వుని జీతానికి చేసే పనిగా ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే వివరించింది. మా ఆఫీసులో "కష్టమైన సంభాషణలు" వచ్చినప్పుడల్లా ఆడ మేనేజర్లనే పిలవడం గమనించాను. నీకు చెప్పడం వచ్చు అంటారు. చెప్పడం రావడం నేరమా? కాదు గానీ, నా చేత్తో అమ్ముడుపోయింది అదే.

ఉద్యోగం ఒక్కటే స్వేచ్ఛ కాదని ఓల్గా 'స్వేచ్ఛ' వచ్చిన 1987 నుంచీ మనం చర్చిస్తూనే ఉన్నాం. ఉద్యోగంలో మనకి జరిగేది చాలా రాశాం, రాయాలి కూడా. ఉద్యోగంలో మన చేత జరిగేది అంతగా రాయలేదు. కుర్చీలు ఇప్పుడిప్పుడే దొరుకుతున్నాయి కదా, అప్పుడే ఆత్మవిమర్శ ఏమిటని మొహమాటం కావచ్చు.

ఇంకొకామె గురించి చెప్పాలి. మా అంతస్తులో బాత్రూములు కడిగే ఆమెది మక్తల్ దిక్కు ఊరు. ఒకరోజు రాత్రి నేను ఫోనులో అమ్మతో మాట్లాడటం విని, "ఏ ఊరక్కా మీది? మాటలు మాయి లెక్కనే ఉన్నయి" అంది. నారాయణపేట అని చెప్పగానే ఆమె మొహం విప్పారింది. మావైపు తెలుగులో కన్నడం ఎంత కలుస్తుందో మాకే తెలుసు. పాలమూరు లేబర్ అన్న మాటతో దేశమంతా ఆనకట్టలు కట్టినవాళ్ళ మనవరాలు ఆమె. ఆమె అత్తామామలు మాదాపూర్‌లో మేస్త్రీ కింద తట్టలు మోశారట, ఏ భవనమో గుర్తులేదంది. ఆమె మెడలో కార్డు వేరే రంగు. కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మేమంతా ఇళ్ళనుంచి పనిచేయడం మొదలుపెట్టాక, తిరిగి ఆఫీసు తెరిచేసరికి ఆమె లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే కాంట్రాక్టు మారిందన్నారు. ఆమెకి అంకె లేదు, పేరా లేదు. ఆమెని తీసేయడానికి ఎవరూ ఒక్క వాక్యం కష్టపడి రాయాల్సిన అవసరం రాలేదు. నా నేరం గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నానంటే, ఆ పేరా అందినామె కనీసం పేరా అవసరమైన మెట్టు మీద ఉంది కాబట్టి కూడా. మక్తల్ ఆమె ఫోను నంబరైనా నేను తీసుకోలేదు.

ఉద్యోగం పోయినామె ఒకసారి ఫోను చేసింది. వేరే కంపెనీ శాఖలో చేరానని చెప్పడానికి. చివర్లో, "అక్కా, ఆ పేరా మీరు రాసిందేనా, పైనుంచి వచ్చిందా?" అని అడిగింది. నేను రాసిందే అన్నాను. కాసేపు ఊరుకుని, పాపకి పళ్ళు వచ్చాయని చెప్పింది.

నేను ఉద్యోగం మానలేదు. 2024 నవంబరులో మళ్ళీ అలాంటిదే వచ్చింది, ఈసారి క్యాన్సరు వచ్చిన తల్లి కోసం మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టిన అబ్బాయి విషయంలో. అంకె తెర మీద మారింది. పేరాలో నేను మూడు వాక్యాలు రాశాను. మూడు నెలలు సెలవులో ఉన్నాడు. ఉన్న తొమ్మిది నెలల్లో చేసిన పని ఇది. ఈ అంకె నేను వేసింది కాదు. మర్నాడు పేరా వాపసొచ్చింది, మూడో వాక్యం తీసేసి పంపమని. రెండు రోజులు ఉంచుకున్నాను. మొదటి రెండూ అలాగే ఉంచి, మూడోది తీసేసి పంపాను.