పెనుకొండకి సుగ్రీవుడు దొరికాడా?

 

"రాముడంతటివాడికి సుగ్రీవుడి సాయం ఎందుకండీ?" అని నన్ను కుర్రవాళ్ళు తరచూ అడుగుతుంటారు. దీనికి జవాబు మన పెనుకొండ నుంచి చెప్తాను. బెంగళూరులో ధర్మవరం వైపు రైలెక్కితే, హిందూపురం దాటాక కొండ మీద కోట కనిపిస్తుంది చూడండి, అదే.

1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాం. విజయనగరం పాడుబడింది. తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకి తెచ్చుకున్నాడు. 1576లో బీజాపూర్ అలీ ఆదిల్‌షా ఇక్కడికీ వచ్చి కోటను చుట్టుముట్టాడు. శ్రీరంగరాయలు కోటని సేనాని చెన్నప్ప చేతిలో పెట్టి, ఖజానాతో చంద్రగిరి వెళ్ళాడు. మూడు నెలల ముట్టడి! మనకి రెండు రోజులు కుళాయి రాకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించండి. రాయల పేరు మిగిలింది, చెన్నప్ప పేరు మిగిలింది. లోపల గింజలు లెక్కపెట్టి వండిన తల్లుల పేర్లు మాత్రం మిగల్లేదు. నాకైతే ఆ యుద్ధం సగం వాళ్ళే చేశారనిపిస్తుంది.

మరి రాయలు సాయం అడిగింది ఎవర్ని? గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాని! కుర్రతనంలో ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకుని, తళ్ళికోటలో మనకి ఎదురు నిలిచినవాడు. అయినా అభిమానం పక్కన పెట్టి అడిగాడు. గోల్కొండ అండ దొరికింది, ముట్టడి విడిపోయింది. అయితే ఆ కబురు వచ్చేదాకా కోటని నిలబెట్టింది లోపలివాళ్ళే కదా.

మూడేళ్ళు తిరక్కుండానే, 1579లో, అదే గోల్కొండ సేన మన అహోబిలాన్ని దోచుకుంది.

అలాగని అడగడం తప్పా? కాదు. రాముడూ అడిగాడు. ఇద్దరూ భార్యల్ని పోగొట్టుకున్నవాళ్ళు, అగ్నిసాక్షిగా స్నేహం చేసుకున్నారు. అంతటి సుగ్రీవుడే వానాకాలంలో భోగాల్లో పడి మాట మర్చిపోతే, లక్ష్మణుడు కోపంగా వెళ్ళి గుర్తు చేయాల్సి వచ్చింది. ఇక అవసరానికి కుదిరిన స్నేహాల సంగతి చెప్పాలా?

2025 మేలో, ఏ దేశం మన పక్షం, ఏది కాదు అని అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఆ రోజుల్లోనే గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు సరిహద్దులో ప్రాణమిచ్చాడు. ఆ బిడ్డని తలుచుకుంటే నాకు జటాయువు గుర్తొస్తాడు. ఆయనతో ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఏమీ లేదు, సీత కేక వినగానే లేచాడు. ముసలి రెక్కలతోనే రావణుడికి అడ్డం పడ్డాడు.

రాముడు సుగ్రీవుడికి రాజ్యం ఇప్పించాడు. జటాయువుకి మాత్రం, కన్నతండ్రికి చేయలేకపోయిన దహన సంస్కారం తన చేతులతో చేశాడు.