‘ఇతర’ ఆదాయం

ఒక మనిషి రిటైరయ్యి పెన్షన్ తీసుకుంటున్నంత కాలం ఆ డబ్బుని మన ఆదాయపు పన్ను చట్టం ‘జీతం’ అనే పద్దు కింద లెక్కేస్తుంది. ఆయన పోయాక అదే ఖజానా నుంచి, మునుపటికంటే తక్కువగా, ఆయన భార్య పేరున డబ్బు రావడం మొదలవుతుంది. అప్పుడు దాని పేరు మారిపోతుంది: ‘ఇతర మార్గాల ఆదాయం’. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ, లాటరీలో తగిలిన సొమ్ము ఉండేది కూడా ఈ పద్దులోనే.

చట్టం తర్కం అర్థం కానిదేమీ కాదు. జీతం అనాలంటే ఒక యజమాని, ఒక ఉద్యోగి ఉండాలి. ఆవిడ ఏనాడూ అక్కడ ఉద్యోగం చెయ్యలేదు. కాబట్టి జీతం కాదు. అద్దె కాదు, వ్యాపారం కాదు, ఆస్తి అమ్మిన లాభమూ కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది రోజూ తెలిసిన వ్యవహారమే. ఏ కేసులోనూ పడనివన్నీ చివరికి డిఫాల్ట్ కేసులోకి జారిపడతాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ జారిపడింది ఒక మనిషి జీవితం. ఏటా జూలైలో అమ్మ రిటర్న్ నింపుతూ ఆ పద్దు దగ్గరకి వచ్చినప్పుడల్లా నాకు అదే తోస్తుంది. ముప్ఫై ఏళ్ళపాటు తెల్లారకముందే లేచి క్యారేజీ కట్టిన మనిషికి ఇది ‘ఇతర’ ఎలా అయింది?

పేరుదేముంది అనుకోవచ్చు. కానీ పేరు వెనకాలే లెక్క కూడా నడుస్తుంది. కొత్త పన్ను విధానంలో పెన్షనరుకి 75 వేల రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. కుటుంబ పెన్షన్‌కి 25 వేలు, లేదా పెన్షన్‌లో మూడో వంతు, ఏది తక్కువైతే అది. పాత విధానంలో 50 వేలకి 15 వేలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో సాధారణంగా ఆయనకి ఆఖరి జీతంలో 50 శాతం వస్తే, ఆవిడకి వచ్చేది 30 శాతం. తక్కువ వచ్చేవాళ్ళకే మినహాయింపు కూడా తక్కువ.

నిజమే, కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయమున్న వాళ్ళకి ఎలాగూ పన్ను పడదు. చాలామంది వితంతువులకి ఈ తేడా రూపాయల్లో ఏమీ కాదిప్పుడు. అయితే ప్రశ్న తీరిపోలేదు, ఇంకాస్త తేటపడింది. డబ్బు సంగతి పక్కకి పోతే మిగిలేది ఒకటే: ఆ డబ్బు ఎవరిది?

పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన పనికి తర్వాత ముట్టే ప్రతిఫలం అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెన్షనర్లందరూ గర్వంగా తలుచుకునే తీర్పు అది. నా ప్రశ్నల్లా, ఆ ‘చేసిన పని’లో ఇంటిపని ఉందా లేదా అన్నది. పిల్లల్ని, అత్తమామల్ని ఒకరు చూసుకోబట్టే ఇంకొకరు బదిలీ అయిన ఊరికల్లా వెళ్ళి పనిచెయ్యగలిగారు. ఆ జీతం ఇద్దరి కష్టమైతే, ఆయన పోయాక ఆవిడకి వచ్చేది వారసత్వమూ కాదు, దానమూ కాదు. తన వాటా.

ఈ మాట ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే ప్రైవేటు ఉద్యోగుల పెన్షన్ పథకం, ఈపీఎస్-95 చూడాలి. అందులో వితంతు పెన్షన్ ఆవిడ చనిపోయేదాకా, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా. ఇది అవసరానికి ఇచ్చే ఆసరా, కొత్త భర్త వస్తే అవసరం తీరినట్టే కదా అని సమర్థించేవాళ్ళున్నారు. అలాగైతే ఆవిడకి ఉద్యోగం ఉందా, పొలం ఉందా అని కూడా అడగాలి. అవేమీ అడగదు ఆ పథకం. పెళ్ళి ఒక్కటే అడుగుతుంది. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం కూడా ఒక చేత్తో పెళ్ళికి అనుమతిచ్చి, ఇంకో చేత్తో మొదటి భర్త ఆస్తి మీద హక్కు తీసేసింది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఉన్న చట్టం అదే. 1956 వారసత్వ చట్టంతో ఆస్తి విషయంలో స్త్రీకి సంపూర్ణ హక్కు వచ్చింది. పెన్షన్ దగ్గర మాత్రం ఆ పాత ఊహ ఇంకా బతికే ఉంది.

ఇంకో చిక్కుంది. ఉద్యోగి పోయాక పీఎఫ్ మొత్తం ఒకేసారి చేతికొస్తే దానికి పన్ను లేదు. నెలనెలా వస్తే ఆదాయం. పుస్తకం లెక్కలో ఇది సబబే. కానీ ఒక్కసారిగా వచ్చిన పెద్ద మొత్తం చుట్టూ ఎవరెవరు చేరతారో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అప్పుకోసం మరిది, పెట్టుబడికి అల్లుడు. ఆవిడ దగ్గర నిజంగా మిగిలేది నెలనెలా పడేదే. చట్టం పన్ను వేసేది సరిగ్గా దానికే.

బ్రిటన్లో ఈ చర్చ వేరే దారిలో నడుస్తోంది. అక్కడ 75 ఏళ్ళు నిండకముందు పోతే పెన్షన్ నిధి చాలావరకూ ఆదాయపు పన్ను లేకుండా అందుతుంది. నిండాక పోతే అందుకునేవాళ్ళ ఆదాయంగా పన్ను పడుతుంది. పుట్టినరోజుకి ముందురోజు పోవడానికీ, మర్నాడు పోవడానికీ అంత తేడా ఎందుకుండాలో నాకైతే అర్థం కాలేదు. వాడకుండా మిగిలిన నిధిని 2027 ఏప్రిల్ నుంచి వారసత్వ పన్నులోనూ కలపాలని నిర్ణయించారు. అయితే భార్యకో భర్తకో చేరేదానికి ఆ పన్ను లేదు, పిల్లలకి వెళ్ళేదానికే. ఈ గీత మాత్రం నాకు నచ్చింది. పిల్లలు వారసులు. జీవిత భాగస్వామి వారసురాలు కాదు, ఆ సంపాదనలో మొదట్నించీ ఉన్న మనిషి.

పన్ను ఉండకూడదని నేననడం లేదు. ఆవిడకి నిజంగా పెద్ద ఆదాయమే ఉంటే, ఆయన కట్టినట్టే ఆవిడా కట్టాలి. ఆయన కట్టినట్టే అన్నదే నేనడుగుతున్నది: అదే పద్దు, అదే మినహాయింపు, ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆగని అదే హక్కు. దీనికి ఖజానాకయ్యే ఖర్చు ఎంతో లెక్కకట్టొచ్చు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో జరిగిన పనికి లెక్క కట్టకపోవడానికే మనకి సాకుల్లేవు.